మోటారు మార్చే ముందు: మిల్లులో విద్యుత్ కొలతకు కళాశాల సహాయం

కరెంటు బిల్లు పెరిగినా, మోటారు వేడెక్కి మాటిమాటికీ ఆగిపోతున్నా మన మిల్లు యజమానులకు సాధారణంగా తోచే మొదటి ఉపాయం కొత్త యంత్రం. ఆ తరువాత గుర్తుకు వచ్చేది బ్యాంకు. ఈ రెండింటికీ నడుమ చేయవలసిన పని మరొకటి ఉన్నది. అది ఏమిటో, ఎవరి చేత చేయించుకోవచ్చునో ఈ వ్యాసంలో తెలియజేయదలిచాను. రైసుమిల్లు, పప్పుమిల్లు, నూనెమిల్లు, కోల్డ్ స్టోరేజీ నడిపేవారికీ, మోటార్లు, పంపుసెట్లు అమ్మే డీలర్లకూ, గ్రామ పంచాయతీల బాధ్యులకూ ఇది ఉపయోగపడగలదు.

ముందుగా నేను చేసిన పొరపాటు చెప్పటం న్యాయం. నాలుగేళ్ల క్రితం మా శాఖ పరిధిలోని ఒక రైసుమిల్లు యజమాని నా దగ్గరకు వచ్చి, "సార్, 40 హెచ్.పి. మోటారు సాయంత్రమయ్యే సరికి కాలిపోయేంత వేడెక్కుతున్నది. ఇప్పటికి రెండుసార్లు రివైండింగ్ చేయించాను. 60 హెచ్.పి. వేస్తే గాని లాభం లేదంటున్నారు" అన్నారు. కొటేషను తెచ్చారు. మోటారు, కొత్త స్టార్టరు, కేబులు, విద్యుత్ సంస్థ దగ్గర కాంట్రాక్టు డిమాండు 75 నుంచి 100 కెవిఎకు పెంచుకొనేందుకు చెల్లించవలసిన రుసుము, అన్నీ కలిపి 4 లక్షల 80 వేల రూపాయలు. నేను మూడేళ్ల లెక్కలు చూశాను, హామీ పత్రాలు చూశాను, పాత వాయిదాలు సక్రమంగా కట్టారా అన్నది చూశాను. అన్నీ బాగున్నవి. చూడనిది ఒక్క మోటారునే. నేను చదివినది బి.యస్సి. అయినా ఆ మోటారు ఎంత కరెంటు తీసుకొంటున్నదని అడగాలని నాకు తోచలేదు. ఐదేళ్ల గడువుతో ఋణం మంజూరైనది.

కొత్త మోటారు వచ్చాక వేడెక్కటం ఆగిపోయినది. యజమాని సంతోషించారు, డీలరు సంతోషించారు, నేను కూడా సంతోషించాను. ఆరు నెలల తరువాత యజమాని బిల్లుల కట్టతో వచ్చారు. ఆడించిన ధాన్యం పెరగలేదు, బిల్లు మాత్రం పెరిగినది. ఎందుకో ఆయనకు తెలియదు, నాకూ తెలియదు.

అదే రోజులలో దగ్గరలోని ఇంజనీరింగు కళాశాల నుంచి ఒక అధ్యాపకుడు నలుగురు విద్యార్థులను వెంటబెట్టుకొని, చివరి సంవత్సరం ప్రాజెక్టు కోసం ఏదైనా మిల్లు చూపించమని మా శాఖకు వచ్చారు. నేను ఈ మిల్లుకు పంపాను. వారి చేతిలో ఉన్నవి ఒక క్లాంప్ మీటరు, పవర్ ఎనలైజరు, ఉష్ణోగ్రత చూసే పరికరం, నోటు పుస్తకాలు. ఉదయం నుంచి సాయంత్రం వరకు మిల్లు పూర్తి లోడులో నడుస్తుండగా కొలిచారు.

60 హెచ్.పి. అంటే షాఫ్టు దగ్గర సుమారు 45 కిలోవాట్ల శక్తి. పూర్తి బరువు మోస్తే ఆ మోటారు లైను నుంచి 48 కిలోవాట్ల వరకు తీసుకోవాలి. వారి కొలతలో అది తీసుకొంటున్నది 21 కిలోవాట్లే. అంటే పనికి పాత 40 హెచ్.పి. మోటారే చాలును. మరి పాతది ఎందుకు వేడెక్కినది? దానికి ఉండిన ఫ్యూజు స్విచ్చిని యజమాని పారవేయకుండా ధాన్యం శుభ్రపరచే యంత్రానికి బిగించుకొన్నారు. విద్యార్థులు చూసేసరికి ఆ యంత్రపు మోటారు కూడా చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నది. స్విచ్చి తరువాత ఫేజుల మధ్య వోల్టేజీలు 408, 392, 385గా వచ్చినవి. ఒక ఫేజు కాంటాక్టు కాలి నల్లబడి ఉన్నది. మూడు ఫేజులలో వోల్టేజీ సమానంగా లేకపోతే, ఆ తేడా 3 శాతమే అయినా, కరెంటులో తేడా దానికి ఆరు నుంచి పది రెట్లు ఉండవచ్చును. వైండింగు వేడెక్కి కాలిపోవటానికి అది చాలు. కొత్త మోటారుతో పాటు కొత్త స్టార్టరు, కొత్త కేబులు వచ్చినవి కనుక జబ్బు తగ్గినది. పేరు మాత్రం పెద్ద మోటారుకు వచ్చినది.

బిల్లు పెరగటానికి కారణం కూడా వారే చూపించారు. సగం బరువు కూడా లేని మోటారు పవర్ ఫ్యాక్టరును పాడు చేస్తుంది. పైగా నమోదైన డిమాండు ఏనాడూ 65 కెవిఎ దాటలేదు. కాంట్రాక్టు డిమాండులో 80 శాతానికి తప్పనిసరిగా చెల్లించాలన్న నిబంధన వల్ల 80 కెవిఎకు కడుతున్నారు. వాడని 15 కెవిఎకు, ఆనాటి 475 రూపాయల రేటున, నెలకు 7,125 రూపాయలు. ఋణపు వాయిదా దీనికి అదనం.

స్విచ్చి మార్చటానికి అయ్యేది కొన్ని వేల రూపాయలు.

కొలిచేవారికి అమ్మే సరుకు ఉండరాదు

ఆ విద్యార్థులకు మోటారు అమ్మవలసిన అవసరం లేదు, ఋణం ఇవ్వవలసిన లక్ష్యం లేదు. ఉన్నది ఉన్నట్లు రాశారు. ఈ గుణాన్ని ఆధారం చేసుకొని ఒక దేశం పెద్ద పథకాన్నే నడిపినది. 1973లో అరబ్ దేశాలు చమురు ఎగుమతులపై ఆంక్షలు విధించినప్పుడు అమెరికాలో ఇంధనం కొరత వచ్చినది. పెద్ద కర్మాగారాలకు సొంత ఇంజనీర్లు ఉంటారు. చిన్న, మధ్యతరహా కర్మాగారాలకు ఎవరు చెబుతారు? ఈ ప్రశ్నకు సమాధానంగా 1976లో అక్కడి ప్రభుత్వం విశ్వవిద్యాలయాల ఇంజనీరింగు విభాగాలకు నిధులు ఇచ్చి, అధ్యాపకుల ఆధ్వర్యంలో విద్యార్థుల చేత ఉచితంగా కర్మాగారాలను పరిశీలింపజేయటం మొదలుపెట్టినది. ఇవి తరువాతి కాలంలో ఇండస్ట్రియల్ అసెస్‌మెంట్ సెంటర్లుగా పేరు పొందినవి. దశాబ్దాల పాటు సాగిన ఈ పథకం క్రింద 20 వేలకు పైగా పరిశీలనలు జరిగినవి.

వారి పద్ధతి మనం గమనించదగినది. ముందుగా పన్నెండు నెలల కరెంటు, గ్యాసు బిల్లులు తెప్పించుకొని చదివేవారు. తరువాత ఒక్క రోజు కర్మాగారంలో గడిపేవారు. ఉదయం యజమానితోను, యంత్రాల దగ్గర పనిచేసేవారితోను మాట్లాడి, ఆవరణ అంతా తిరిగి, మధ్యాహ్నం కొలతలు తీసుకొనేవారు. 60 రోజులలోగా నివేదిక ఇచ్చేవారు. అందులో ప్రతి సూచనకూ ఖర్చు ఎంత, ఏడాదికి మిగులు ఎంత, పెట్టుబడి ఎన్నాళ్లకు తిరిగి వస్తుంది అన్న లెక్క ఉండేది. ఆరు నుంచి తొమ్మిది నెలల తరువాత మళ్లీ అడిగి, ఏవి అమలు చేశారో తెలుసుకొనేవారు. కంపెనీ పేరు బయటపెట్టకుండా ఆ ఫలితాలను రట్గర్స్ విశ్వవిద్యాలయం అందరికీ అందుబాటులో భద్రపరచినది. సూచనలలో సుమారు సగం మాత్రమే అమలైనట్లు ఆ లెక్కలు చెబుతున్నవి. కనుక నివేదిక చేతికి రాగానే పని అయిపోయినట్లు కాదు.

అక్కడ తరచుగా వచ్చిన సూచనలు చూస్తే మీకు ఆశ్చర్యం కలుగవచ్చు: గాలి గొట్టాల లీకులు అరికట్టటం, దీపాలు మార్చటం, కంప్రెసరు ఒత్తిడి తగ్గించటం, మోటార్లకు తగిన సైజు ఎంచుకోవటం. గొప్ప యంత్రాలేమీ లేవు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని స్మార్ట్ ఎనర్జీ డిజైన్ అసిస్టెన్స్ సెంటరు ఇటువంటి సహాయాన్నే వ్యాపార సంస్థలతో పాటు ప్రభుత్వ భవనాలకు, నీటి శుద్ధి కేంద్రాలకు కూడా అందించినది.

మన దేశంలో ఎవరిని అడగాలి

మన దేశంలో 2001లో ఇంధన పొదుపు చట్టం వచ్చినది. దాని క్రింద 2002 మార్చి 1న బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడినది. ఈ సంస్థ జాతీయ స్థాయి పరీక్ష ద్వారా ఎనర్జీ ఆడిటర్లకు అర్హతా పత్రాలు ఇస్తుంది. చిన్న పరిశ్రమల కోసం ఇది చేపట్టిన అధ్యయనాలలో వరంగల్ రైసుమిల్లులు, ఉభయ గోదావరి జిల్లాల రిఫ్రాక్టరీ పరిశ్రమలు కూడా ఉన్నవి. 1978 నుంచి ఉన్న పెట్రోలియం కన్సర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ కూడా ఇంధన తనిఖీలు చేస్తుంది. తెలంగాణలో రెడ్‌కో, ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ఇంధన పొదుపు మిషన్ ఈ వ్యవహారాలు చూస్తున్నవి.

పెద్ద మిల్లు అయితే అర్హత గల ఆడిటరును పిలిపించుకోవటం మంచిది. చిన్న మిల్లుకు ఆ రుసుము భారమనిపిస్తే దగ్గరలోని ఇంజనీరింగు కళాశాల లేదా పాలిటెక్నిక్ ఎలక్ట్రికల్ విభాగాధిపతికి ఒక ఉత్తరం రాయండి. విద్యార్థులకు ప్రాజెక్టు కావాలి, మీకు కొలత కావాలి. రాకపోకల ఖర్చు, భోజనం, కళాశాల నిబంధనల మేరకు కొంత రుసుము మీరు భరించవలసి రావచ్చు. రెండు షరతులు మాత్రం పెట్టుకోండి. అధ్యాపకుడు స్వయంగా రావాలి. ప్యానెల్ బోర్డు తెరిచే పని మీ లైసెన్సు గల ఎలక్ట్రీషియను సమక్షంలోనే జరగాలి. నడవని మిల్లును కొలిచి ఉపయోగం లేదు కనుక ఆడే సీజనులోనే పిలవండి. చివరి సంవత్సరం ప్రాజెక్టులు సాధారణంగా జనవరి తరువాత జోరందుకుంటవి. రబీ ధాన్యం వచ్చే నాటికి అది చక్కగా సరిపోతుంది.

తనిఖీ అనే మాట వినగానే మన వారికి విజిలెన్సు దాడి గుర్తుకు వస్తుంది. పైన చెప్పిన యజమాని కూడా మొదటి గంటసేపు గేటు దగ్గరే అనుమానంగా నిలుచున్నారు. ఇది దాడి కాదు. ఆ నివేదిక మీది. ఎవరికి చూపించాలన్నది మీ ఇష్టం.

మీరే చేసుకొనగల కొలతలు

వారు రాకముందే కొన్ని లెక్కలు మీరు వేసుకొనవచ్చు. మొదటిది, క్వింటాలుకు ఎన్ని యూనిట్లు అన్నది. బిల్లు మొత్తాన్ని బట్టి మంచిచెడ్డలు నిర్ణయించకండి. ఒక నెలలో 4,000 క్వింటాళ్ల ధాన్యం ఆడించి 9,000 యూనిట్లు వాడితే క్వింటాలుకు 2.25. మరుసటి నెలలో 3,000 క్వింటాళ్లకు 8,100 యూనిట్లు అయితే బిల్లు తగ్గినట్లే కనిపిస్తుంది, కాని క్వింటాలుకు 2.7కు పెరిగినది. ఏదో చెడినది. రెండేళ్ల బిల్లులు, ఆడించిన ధాన్యం లెక్క, ప్రతి మోటారు నేమ్‌ప్లేటు వివరాలు, రివైండింగు తేదీలు ఒక కాగితం మీద రాసి ఉంచితే వచ్చిన బృందానికి సగం పని తీరుతుంది.

రెండవది పవర్ ఫ్యాక్టరు. ఇది మీ బిల్లు మీదనే ఉంటుంది, ఎవరూ చూడరు. రెండు తెలుగు రాష్ట్రాలలో హెచ్.టి. వినియోగదారుల వాడకాన్ని కెవిఎహెచ్‌లలో లెక్కిస్తారు. 30 కిలోవాట్ల పని చేస్తున్న మిల్లుకు పవర్ ఫ్యాక్టరు 0.75 అయితే గంటకు 40 కెవిఎహెచ్ నమోదవుతుంది. దానిని 0.95కు తెస్తే 31.6 మాత్రమే. గంటకు 8.4 చొప్పున, రోజుకు పది గంటలు నడిస్తే 84 యూనిట్లు మిగులు. ఇందుకు కావలసిన కెపాసిటర్లు దాదాపు 17 కెవిఎఆర్. అయితే ఎక్కువ వేస్తే మరీ మంచిదని వేయకండి. మోటార్లు ఆగి కెపాసిటర్లు మాత్రం లైనులో మిగిలితే కొత్త చిక్కులు వస్తవి. పాత కెపాసిటర్లు ఉన్నవారు అవి బ్రతికి ఉన్నవో లేవో ముందు చూపించుకోండి. గోడకు తగిలించి ఉన్నవన్నీ పని చేయవు.

మూడవది గాలి. సార్టెక్స్ యంత్రం వచ్చిన తరువాత ప్రతి మిల్లులోను కంప్రెసరు చేరినది. 7 బార్ల ఒత్తిడిలో 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒక్కటి ఉంటే 3 నుంచి 4 కిలోవాట్ల శక్తి గాలిలో కలుస్తుంది. రోజుకు పది గంటలు, ఏడాదికి 250 రోజులు చూసుకొంటే 8,000 యూనిట్లకు పైమాట. దీనికి పరీక్ష సులభం. మిల్లు ఆపి, గాలి వాడే యంత్రాలన్నీ కట్టివేసి, కంప్రెసరును మాత్రం ఆన్‌లో ఉంచండి. గాలి ఎవరూ వాడటం లేదు కనుక అది ఒకసారి నిండి ఊరుకోవాలి. అలా కాక 2 నిమిషాలు నడిచి, 6 నిమిషాలు ఆగి, మళ్లీ నడుస్తుంటే, మొత్తం 8 నిమిషాలలో 2, అంటే కంప్రెసరు సామర్థ్యంలో నాలుగవ వంతు లీకులకే పోతున్నది. సబ్బునీరు పూసిన కుంచెతో లీకులు కనిపెట్టవచ్చు.

ఉప్పుడు బియ్యం చేసేవారు ఆవిరి గొట్టాలకు చుట్టిన తొడుగు ఎక్కడెక్కడ ఊడిపోయినదో చూసుకోవాలి. ఊక మన మిల్లుదే కదా అని బాయిలరులో ఎంతయినా వేసే అలవాటు ఇంకా పోలేదు. ఊకకు నేడు ధర ఉన్నది. మిగిలిన ప్రతి బస్తా అమ్ముడుపోయేదే.

పంచాయతీ మంచినీటి పంపు

నేను చూసినంతలో, బిల్లు ఎంత వచ్చినా ఎవరి జేబుకూ నేరుగా తగలని చోటు పంచాయతీ పంపు. అందుకే అక్కడ కొలత మరీ అవసరం. పరికరాలు కూడా అక్కరలేదు. ఒక గ్రామంలో 60 వేల లీటర్ల ట్యాంకు ఖాళీ నుంచి నిండటానికి 3 గంటల 20 నిమిషాలు పట్టినదనుకోండి. అంటే 12,000 సెకండ్లు, సెకండుకు 5 లీటర్లు. పంపు నడుస్తుండగా బోరులో నీటి మట్టం నేలకు 18 మీటర్ల లోతున, ట్యాంకు 12 మీటర్ల ఎత్తున ఉంటే మొత్తం 30 మీటర్లు. లీటర్లను మీటర్లతో గుణించి, 9.81తో గుణించి, వెయ్యితో భాగిస్తే 1.47 కిలోవాట్లు. పైపులలోని రాపిడిని పక్కన పెడితే, ఆ నీటిని పైకి ఎత్తటానికి నిజంగా కావలసిన శక్తి అంతే. ట్యాంకు నిండే లోపల అది సుమారు 5 యూనిట్లు. ఇప్పుడు మీటరు చూడండి. ట్యాంకు నింపే ముందు, నిండిన తరువాత రీడింగుల తేడా 17 యూనిట్లు ఉంటే, మూడింట రెండు వంతులకు పైగా ఎక్కడో పోతున్నది. బాగా కుదిరిన పంపుసెట్టుకు ఇదే పని 10, 11 యూనిట్లతో కావాలి.

పోతున్నది ఎక్కడ అన్నది కళాశాల వారు చెప్పగలరు. అరిగిన ఇంపెల్లరా, సన్నని పైపులా, అక్కరలేని వంపులా, సగం మూసి ఉన్న వాల్వా, తక్కువ వోల్టేజీయా? పంపు మార్చే తీర్మానం చేసే ముందు ఈ ప్రశ్నకు జవాబు రావాలి. పైపు సన్నగా ఉంటే కొత్త పంపు కూడా దానిలోనే ఊపిరాడక నడుస్తుంది.

డీలర్లకు రెండు మాటలు

ఇదంతా మీ అమ్మకాలకు అడ్డమని మీలో కొందరు అనుకోవచ్చు. నిజమే, కొన్ని పెద్ద మోటార్లు అమ్ముడుపోవు. కాని సరైన సైజు మోటారు, మంచి స్టార్టరు, కెపాసిటరు, నాణ్యమైన బెల్టు కూడా మీ దుకాణంలోనివే. ఒక క్లాంప్ మీటరు కొని, కొటేషను రాసే ముందు పాత మోటారు తీసుకొంటున్న కరెంటును మూడు ఫేజులలోను చూసి, ఆ అంకెలను కొటేషను మీదనే రాయండి. అటువంటి కొటేషను చూస్తే నా వంటి ఉద్యోగి అడిగే ప్రశ్నలు తగ్గుతవి. ఋణాలకు సంబంధించి ఇప్పుడు నా అలవాటు ఇది: మోటారు, పంపు, ట్రాన్స్‌ఫార్మర్లకు దరఖాస్తు వస్తే కొలత కాగితం అడుగుతాను. లేకపోతే కళాశాలకు ఉత్తరం రాసి ఇస్తాను. పది, పదిహేను రోజులు ఆలస్యమవుతుందని కొందరు విసుక్కొంటున్నారు. సీజను మధ్యలో యంత్రం ఆగిపోయినవారి విషయంలో ఆ విసుగు న్యాయమైనదే. వారికి ముందు మరమ్మతు చేయించుకొని మిల్లు నడిపించుకోమని, కొలత తరువాతే కొత్త యంత్రం మాట మాట్లాడుకొందామని చెబుతున్నాను.

ఆ మిల్లు సంగతి. యజమాని పాత 40 హెచ్.పి. మోటారును తిరిగి బిగించారు, కాంట్రాక్టు డిమాండు తగ్గించుకొనేందుకు దరఖాస్తు చేసుకొన్నారు. 60 హెచ్.పి. మోటారును డీలరే మరొక మిల్లుకు తక్కువ ధరకు అమ్మిపెట్టారు. ఆ నష్టం యజమానిదే అయినది. స్టార్టరు గది గోడ మీద ఆయన ఇప్పుడు ప్రతి నెలా సుద్దముక్కతో క్వింటాలుకు ఎన్ని యూనిట్లో రాస్తున్నారు. మొన్న వెళ్లినప్పుడు 2.3 అని ఉన్నది. ఋణంలో ఇంకా పదకొండు వాయిదాలు మిగిలి ఉన్నవి.